తలుపులు లేని ఇంటికి వచ్చిన సిస్టరమ్మ

సిస్టరమ్మ పోయిందని మా మేనమామ ఫోన్ చేసినప్పుడు నేను బడిలో ఏడో తరగతి పిల్లల పేపర్లు దిద్దుతున్నాను. రెండు రోజులు జ్వరమన్నదట, మూడో రోజు పొద్దున ఊపిరి ఆడలేదట, ఆటో ఎక్కించేలోపే అయిపోయిందట. మామ ఇదంతా చెప్పి, చివరన "మీ బాపుకు నువ్వే చెప్పు, నాతోని కాదు" అన్నాడు. ఫోన్ పెట్టేసి మళ్ళీ పేపర్ల మీద పడ్డాను. కాసేపటికి చూసుకుంటే ఒకే పేపరుకు రెండుసార్లు మార్కులు వేసి ఉన్నాను.

మా బాపు, అంటే నాన్న, పనిచేసే బట్టల దుకాణం కోరుట్ల బస్టాండుకు దగ్గరే. నేను వెళ్ళేసరికి ఎవరికో లుంగీలు చూపిస్తున్నాడు. నా ముఖం చూడగానే "ఎవలు?" అని అడిగాడు. చెప్పాను. పరిచిన లుంగీలన్నీ ఒక్కొక్కటే మడతపెట్టి, అరలో సర్ది, "ఎన్నింటికి తీస్తరట?" అన్నాడు. ఆయన ఆ రోజు అలాంటి వార్త విని కూడా తన కాళ్ళ మీద తాను నిలబడ్డాడంటే అది ఆ పోయిన మనిషి చలవే. ఆ సంగతి నాలుగు మాటల్లో రాయాలని కూర్చున్నాను.

గొప్పగా రాయడం నాకు చేతకాదు. చేతనైనా ఆమె ఒప్పుకునేది కాదు. తన గురించి పెద్ద మాటలు ఎవరైనా మొదలుపెడితే కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుని, "గిదంతా ఎవలి గురించే?" అనేది. అసలు ఆమెను తలచుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది మంచితనం కాదు, ఆమె మీద నాకున్న కోపం. ఆ కోపం కూడా దాచకుండా రాస్తాను.

జగిత్యాల వైపు వాళ్ళు ఆమెను బస్సులో చూసే ఉంటారు. అరవై దాటిన బక్క మనిషి, నల్ల బెల్టు వాచీ, వానలున్నా లేకున్నా చంకలో మగవాళ్ళ గొడుగు, బస్సు మొత్తానికి వినబడే గొంతు. చాలా ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైంది. ఆ తర్వాత కొన్ని నెలలు శిక్షణ తీసుకుని, తనలాంటి మరో ముగ్గురు నలుగురితో కలిసి, చావు జరిగిన ఇళ్ళకు తిరగడం మొదలుపెట్టింది. మామూలు చావులు కావు. పురుగుల మందు తాగి పోయిన రైతు ఇల్లు, ఉరేసుకున్న నేతకార్మికుడి ఇల్లు, దుబాయి నుంచి పెట్టెలో శవం వచ్చిన ఇల్లు. దాన్ని కౌన్సెలింగ్ అంటారని మాకు తెలుసు గానీ ఆ మాట పలకడానికి ఆమెకే బద్ధకం. "కూసునుడు" అనేది, అంటే కూర్చోవడం. "ఇయ్యాల గొల్లపల్లిల కూసునుడున్నది, రేపు ముస్తాబాదుల కూసునుడున్నది" అని చెప్పేది, పెళ్ళి పిలుపుల లెక్క.

మా ఇంటికి ఎందుకు రావాల్సి వచ్చిందో చెప్పాలి. మాది సిరిసిల్ల. మరమగ్గాల మీద బతికిన ఇల్లు. పని తగ్గిపోయి వారానికి మూడు రోజులే మగ్గం నడిచే కాలంలో బాపు భీవండి పోయాడు. రెండేళ్ళకు మా అన్నను కూడా రమ్మన్నాడు. అన్నకు అప్పుడు ఇరవై ఏళ్ళు. బొంబాయి పక్కనే కదా అని రెండు కొత్త ప్యాంట్లు కుట్టించుకుని మరీ పోయాడు. ఇద్దరూ ఒకే షెడ్డులో పని. ఒకరికి పగటి డ్యూటీ అయితే ఇంకొకరికి రాత్రి డ్యూటీ, పదిహేను రోజులకోసారి తారుమారు. షెడ్డుకు ఎదురుగా ఒక పాత బిల్డింగులో, రెండో అంతస్తులో, ఒక్క గది. అక్కడ ఖోలీ అంటారు. ఒకరు లేచిన చాప మీద ఇంకొకరు వచ్చి పడుకునేవారు.

ఒక రోజు పొద్దున తొమ్మిదింటికి ఆ బిల్డింగు కూలిపోయింది. అన్న రాత్రి డ్యూటీ దిగి వచ్చి నిద్రలో ఉన్నాడు. బాపు ఎదురుగా మగ్గం మీద ఉన్నాడు. మగ్గాల మోతలో బిల్డింగు కూలిన చప్పుడు కూడా వినబడలేదట. దుమ్ము వచ్చి బట్ట మీద పడితే తలెత్తి చూశాడట. మూడు రోజులు జేసీబీ పక్కనే నిలబడి ఉన్నాడు. మూడో రోజు మధ్యాహ్నం అన్న దొరికాడు. చాలా కాలం వరకు మాకు తెలిసింది ఇంతే.

సిరిసిల్లలో మగ్గం చప్పుడు వినబడని వీధి ఉండదు. తిరిగొచ్చిన బాపు ఆ చప్పుడుకు చెవులు మూసుకుని మంచం కింద దూరేవాడు. అందుకని అమ్మ పుట్టిన ఊరైన కోరుట్లకు వచ్చి, మామ ఇంటి పక్క వీధిలో రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నాం. వచ్చిన నాలుగో రోజు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి ఆ ఇంటికి తలుపులు లేవు.

వీధి తలుపు, మధ్య తలుపు, స్నానాల గది తలుపు. అన్నిటికీ బందులు విప్పి, ఊడబీకి, ఇంటి వెనక గోడకు ఆనించి పెట్టాడు బాపు. ఎందుకని అడిగితే చెప్పడు. ఇంటివాళ్ళు వచ్చి గొడవ చేశారు. మామ ఒకసారి వడ్లాయనను, అంటే వడ్రంగిని, తీసుకొచ్చి బలవంతంగా బిగించాడు. బాపు పోయి నడివీధిలో ఎండలో కూర్చున్నాడు, మళ్ళీ ఊడదీసేదాకా లేవలేదు. గాలి సోకిందని ఒకరు, జడుసుకున్నాడని ఒకరు, తాయెత్తులు కట్టారు. కుక్కలు తిన్నగా వంటింట్లోకి వచ్చేవి. అమ్మ బీడీలు చుడుతూ పక్కన కట్టె పెట్టుకుని కూర్చునేది. నాకు పదిహేడేళ్ళు. స్నానానికి పక్కింటికి పోవాలి, బట్టలు మార్చుకోవాలంటే అమ్మ అడ్డం నిలబడాలి. చనిపోయిన అన్న కోసం ఏడవాలో, బతికున్న బాపు మీద కోపం చేయాలో తెలియని రోజులవి. నిజం చెప్పాలంటే కోపమే ఎక్కువ చేశాను.

తర్వాత మా వీధిలో మురికినీళ్ళ మోరీ తవ్వడానికి జేసీబీ వచ్చింది. అది తొట్టి ఎత్తగానే బాపు పరిగెత్తి దాని కింద బోర్లా పడుకున్నాడు. మట్టిని రెండు చేతులతో తోడుతూ "ఆపుర్రి, లోపల మనిషున్నడు" అంటున్నాడు. గట్టిగా కూడా కాదు, బతిమాలుతున్నట్టు. వీధంతా చూసింది. కొందరు పిల్లలు తర్వాత చాలా రోజులు ఆ మాటను ఆటగా అన్నారు. ఆ రోజు మామ ఆయనను ఆటోలో వేసుకుని జగిత్యాలలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. డాక్టరు చీటీ మీద ఇంగ్లిషులో ఏదో జబ్బు పేరు రాసి, మాత్రలిచ్చి, "మాత్రలతోని నిద్ర అస్తది. మిగిలింది మాట్లాడాలె. ఒకామెను పంపుత" అన్నాడట.

ఆమె ఒక గురువారం నాలుగింటికి వచ్చింది. మా ఇంటికి అప్పటికి ఎవరొచ్చినా తలుపు లేదు గనక తిన్నగా లోపలికి వచ్చేసేవారు. ఆమె బయటే, తలుపు ఉండాల్సిన చోట ఆగి, గొడుగు మూసి, "లోపలికి రావచ్చునా తమ్మీ?" అని అడిగింది. బాపు తలెత్తి చూశాడు. "రా అక్కా" అన్నాడు. కుర్చీ వేస్తే వద్దని బండ మీద కూర్చుంది. భీవండి మాట ఎత్తలేదు. అన్న పేరు ఎత్తలేదు. తలుపుల సంగతి అసలే అడగలేదు. "మగ్గం నడుస్తుంటే పోగు తెగింది అనుకో, గంత మోతల నీకు ఎట్ల తెలుస్తది?" అని అడిగింది. బాపు చెప్పాడు. తెగిన పోగును ఎట్లా పట్టుకుంటారో, ముడి ఎట్లా వేస్తారో వేళ్ళతో గాలిలో చూపించాడు. నెలల తర్వాత ఆయన వరసగా అన్ని మాటలు మాట్లాడడం అదే. గంట కాగానే ఆమె లేచింది.

నేను వీధి మలుపు దాకా వెంటపడి "గింతేనా?" అని అడిగాను.

"గింతే. నీకు తొందరున్నదా?"

"ఉన్నది. మాకు తలుపులు గావాలె."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "గావాలె. నీ కోపం న్యాయమే. గని నేను పెట్టిపిస్తే అవి మల్ల ఊడుతయి. ఆయనంతల ఆయన పెట్టాలె. అప్పటి దాక పరదాకు అడుగుత" అంది. మరుసటి గురువారం ఆకుపచ్చ ఆసుపత్రి గుడ్డ ఒకటి తెచ్చి, బాపును అడిగి, ఆయన తల ఊపాకే స్నానాల గదికి కట్టింది. నాకేమో తలుపు అడిగితే గుడ్డ ఇచ్చిందని మంట. సైకిలు మీద పోతూ స్నేహితురాళ్ళ దగ్గర ఆమె గొంతు అనుకరించి నవ్వించేదాన్ని.

అనుకరించడానికి కావాల్సినంత సరుకు ఆమె దగ్గర ఉండేది. నాలుగు గంటలంటే నాలుగే. ముందొస్తే మలుపు దగ్గర నిలబడి వాచీ చూసుకునేది. పని అయ్యేదాకా చాయ్ ముట్టదు. అమ్మను, నన్ను బయటికి పంపేది. "తలుపులుంటే మూసుకుందుము. లేవు గనక మీరే పోవాలె" అనేది. మేం ఎదురింటి అరుగు మీద కూర్చునేవాళ్ళం. అక్కడికీ ఆమె గొంతు వినబడేది. బాపు చేతులతో బండను తోడడం మొదలుపెడితే అడిగేది:

"తమ్మీ, ఇప్పుడెక్కడున్నవ్?"

"కోరుట్లల."

"కాళ్ళ కింద ఏమున్నది?"

"బండ."

"ఏడిగున్నదా, సల్లగున్నదా?"

"సల్లగ."

"ఏమినవడ్తుంది?"

"పక్కింటోళ్ళ కుక్కరు."

ఇది కూడా వైద్యమేనా అని నవ్వుకునేదాన్ని. కానీ జేసీబీ మళ్ళీ వచ్చిన రోజు బాపు గోడకు వీపు ఆనించి, తనలో తానే "కోరుట్ల. బండ. సల్లగున్నది" అనుకుంటూ, చెమటతో తడిసిపోయి, ఉన్నచోటే కూర్చుండిపోయాడు. వీధిలోకి పోలేదు. ఆ తర్వాత నవ్వడం మానేశాను.

ఇరుగుపొరుగు ఆయనకు చెప్పే మాట ఒకటే, మరిచిపో అన్నా అని. సిస్టరమ్మకు అది వింటే ఒళ్ళు మండేది. "నేను మరిపియ్యనీకె రాలే. యాదికచ్చినా గూడ ఇంత అన్నం తినేటట్టు చెయ్యనీకె వచ్చిన" అని వాళ్ళ ముఖం మీదే అనేది. ఏడవద్దని ఓదార్చేవాళ్ళ మీద ఇంకా కోపం. "గట్ల చెప్పెటోళ్ళు ఆయన కోసం చెప్పరు, తమ చెవుల కోసం చెప్తరు" అనేది. పిచ్చి అనే మాట ఎవరైనా అంటే గొడుగు నేలకేసి కొట్టేది. ఓపిక ఆమె దగ్గర బాపుకు మాత్రమే ఉండేది, మిగతా లోకానికి ఉండేది కాదు.

ఆమె ఒక తప్పు చేసింది. నాలుగైదు నెలలకు బాపుకు నిద్ర పడుతోంది, తింటున్నాడు. ఇక మగ్గం చప్పుడుకు అలవాటు చేయాలనుకుంది. దూరంగా నిలబడి వినడం, ఎక్కడున్నానో చెప్పుకోవడం, తిరిగి రావడం. అంతే అనుకుని ఒక గురువారం సిరిసిల్ల బస్సెక్కాం, నేను కూడా వెళ్ళాను. వీధి చివర బాపు బాగానే నిలబడ్డాడు. చెమటలు పట్టినా నిలబడ్డాడు. ఆమెకు సంతోషమై "ఇంక నాలుగడుగులేద్దమా తమ్మీ?" అంది. ఆమె అడిగితే బాపు కాదనడు. నాలుగడుగులు నలభై అయ్యాయి. సరిగ్గా అప్పుడే పక్కన ఒక షెడ్డాయన షట్టరు దబ్బున కిందికి లాగి తాళం వేశాడు.

బాపు ఆ షట్టరు మీద పడ్డాడు. కింది అంచు పట్టుకుని పైకి గుంజుతున్నాడు. గోళ్ళు విరిగి రక్తం కారినా వదలలేదు. లుంగీ తడిసిపోయింది. కోరుట్ల, బండ, ఏదీ పనిచేయలేదు. నలుగురు పట్టుకుంటే గానీ ఆటో ఎక్కలేదు. దారి పొడుగునా సిస్టరమ్మ ఆయన చేతులకు తన కొంగు చుట్టి పట్టుకుంది, ఒక్క మాట మాట్లాడలేదు. నేను మాట్లాడాను. మా బాపును మీరే చంపుతారని ముఖం మీదే అన్నాను. ఆమె ఊకొట్టింది.

మరునాడు శుక్రవారం. ఆమె రోజు కాదు. అమ్మ బీడీలు ఇవ్వడానికి కంపెనీకి పోయింది, నేను వంటింట్లో ఉన్నాను. ఆమె వచ్చి గుమ్మంలో ఆగి అడిగింది, బాపు రమ్మన్నాడు. నేనున్నది ఇద్దరికీ తెలియదు.

"నిన్న నాది తప్పు తమ్మీ" అంది కూర్చోకముందే. "నీ అడుగు నేనేసిన. నువ్వు కాదనవని తెలిసి అడిగిన. మల్ల గట్ల చెయ్య."

బాపుకు అలాంటి మాట ఎవరూ చెప్పి ఉండరు. మగ్గాల సేటు చెప్పలేదు, ఆ బిల్డింగు ఓనరు చెప్పలేదు. తర్వాత ఆయన గొంతు వినబడింది.

"తాళం నేనే ఏసిన అక్కా."

ఏ తాళమని ఆమె అడగలేదు. ఆయనే చెప్పాడు. ఆ ఖోలీల్లో రాత్రి డ్యూటీ చేసినవాడు పగలు పడుకుంటే తోటివాళ్ళు, చాయ్ అమ్మేవాళ్ళు, అడ్రసు అడిగేవాళ్ళు తలుపు కొడుతూనే ఉంటారట. బయట తాళం కనబడితే ఎవరూ లేరనుకుని కొట్టరు. అందుకని పగటి డ్యూటీకి పోయేవాడు లోపల పడుకున్నవాడి మీద బయట తాళం వేసి పోవడం అలవాటు. బాపు, అన్న అట్లాగే చేసేవారు. ఆ రోజు గోడలు పగులుతున్న చప్పుడుకు పక్క ఖోలీ ఆయన లేచి, పరిగెడుతూ ఆ వరసలో ఉన్న తలుపులన్నీ బాది అందరినీ లేపాడు. అన్న తలుపు మాత్రం బాదలేదు. తర్వాత శిథిలాల దగ్గర ఆయనే బాపుతో చెప్పాడట, మీకు తాళమున్నది గదా, ఎవ్వరు లేరనుకున్న అని.

"వాడు తలుపు కాడ దొరికిండు అక్కా" అన్నాడు బాపు. "చాప మీద కాదు. తలుపు కాడ."

వంటింట్లో నేను గోడ పట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు ఆమె చెప్పాల్సిన మాట నాకు తెలుసు. నీ తప్పు కాదు తమ్మీ. ఆ మాట బాపు కన్నా నాకే ఎక్కువ కావాలి. ఆమె ఆ మాట అనలేదు.

"అవు తమ్మీ. తాళం నువ్వే ఏసినవ్" అంది.

ఆ క్షణంలో ఆమెను ఎంత ద్వేషించానో ఇప్పటికీ గుర్తుంది. మళ్ళీ ఆమె గొంతే.

"నీకు రాత్రి డ్యూటీ పడ్డప్పుడు, పగటీలి నువ్వు పండుకుంటే?"

"వాడేసి పోయెటోడు."

"ఎందుకేసెటోడు?"

"ఎవలు తలుపు కొట్టకుంట. నేను మంచిగ పండాల్నని."

"మరి ఆ పొద్దు నువ్వెందుకేసినవ్?"

పక్కింటి కుక్కరు మూడు కూతలు వేసింది. ఆ తర్వాత బాపు "వాడు" అన్నాడు, ఆగాడు, మళ్ళీ "వాడు మంచిగ పండాల్నని" అన్నాడు. అన్నాక ఏడ్చాడు. అన్న పోయాక ఆయన ఏడవడం అదే మొదటిసారి. ఆమె ఊరుకోమనలేదు, నీళ్ళు కూడా ఇవ్వలేదు. "ఈడనే ఉన్న. కూసున్న" అని మధ్య మధ్యలో అంటూ ఉంది. ఎంతసేపో నాకు లెక్క తెలియదు.

ఆఖరికి మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వచ్చి నన్ను చూసింది. చెయ్యి పట్టుకుని వీధిలోకి తీసుకుపోయింది. "ఇన్నవా?" అంది. విన్నానన్నాను. "ఎవ్వలకు చెప్పద్దు. మీ అమ్మకు గూడ. అది ఆయన చెప్పుకోవాల్సింది. మొయ్యబుద్ధి కాకుంటే నా కాడికి రా."

నిజంగానే మొయ్యలేక రెండుసార్లు జగిత్యాల పోయాను. ఆమె ఒంటరిది, రెండు గదులు, ఇంటి నిండా మందుల వాసన. ఉప్మా చేసి పెట్టింది. అంత ఘోరమైన ఉప్మా నేను ఎక్కడా తినలేదు. బాపుది తప్పా అని అడిగాను. ఆమె తప్పించుకోలేదు. "నాకు తెల్వది బిడ్డా. తెలిసినట్టు ఏదన్న చెప్తే ఇయ్యాల నీకు మంచిగనిపిస్తది. రేపు మల్ల ఇదే అడుగుతవ్" అంది. అప్పుడు నిరాశపడ్డాను గానీ, ఆ తర్వాత నాకు సలహాలిచ్చిన ఎవరినీ అంతగా నమ్మలేదు.

రెండు నెలలకు బాపు తనంతట తాను స్నానాల గది తలుపు బిగించాడు. గొళ్ళెం లోపలి వైపే పెట్టాడు. బయటి గొళ్ళెం పీకేసి, దాని మేకుల చిల్లులన్నీ లప్పంతో పూడ్చి, ఆరాక ఉప్పు కాగితంతో రుద్దాడు. వీధి తలుపుకు ఇంకో సంవత్సరం పట్టింది. మధ్య తలుపు మా ఇంట్లో ఇప్పటికీ లేదు.

ఇక్కడితో అంతా బాగైపోయిందని రాస్తే సిస్టరమ్మ నన్ను క్షమించదు. ఆ శుక్రవారం తర్వాత నెలకు, ఆమె పక్కన కూర్చుండగా, బాపు అమ్మకు తాళం సంగతి చెప్పాడు. అమ్మ బీడీ చుడుతోంది. చేతులు ఆగాయి. అంతా విని, ఆ బీడీ పూర్తిగా చుట్టి, దారం కట్టి, చాటలో వేసి, లేచి మామ ఇంటికి పోయింది. పదకొండు రోజులకు తిరిగొచ్చింది. వచ్చి వండింది, వడ్డించింది, ఆయన బట్టలు ఉతికింది. కానీ అన్న ఊసు ఆయన ముందు ఎత్తలేదు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే "మీ బాపును తినుమను", "మీ బాపును గోలీలేసుకొమ్మను" అని నాతోనే. పదేళ్ళు గడిచాయి. నాకు ఉద్యోగం వచ్చింది, బాపు దుకాణంలో చేరాడు, అమ్మకు బీపీ వచ్చింది. ఆ ఒక్కటి మారలేదు.

సిస్టరమ్మ వదిలిపెట్టలేదు. వారానికొకసారి రావడం నెలకొకసారైంది, తర్వాత రెండు మూడు నెలలకొకసారి. వచ్చినప్పుడల్లా అమ్మ పక్కన కూర్చుని బీడీ ఆకు కత్తిరించి పెట్టేది. అమ్మ ఎండల గురించి, వానల గురించి మాట్లాడేది. అంతకు మించి లోపలికి రానివ్వలేదు. మొన్న ఎండాకాలంలో చివరిసారి వచ్చినప్పుడు నేను బస్టాండు దాకా తోడు వెళ్ళాను. మెట్లెక్కలేక రెండుసార్లు ఆగింది. "మీ అమ్మ కాడ నేను ఫెయిలైన బిడ్డా" అంది. "మీ బాపుది గాయం. గాయానికి కట్టు కట్టొచ్చు. ఆమెది ఏందో నాకు ఇయ్యాల్టి దాక అంతువట్టలే." ఓడిపోయానని చెప్పడానికి ఆమె ఎప్పుడూ సిగ్గుపడలేదు. నేనేమో ఆమె తప్పులు ఎంచడానికే ఎక్కువ నోరు తెరిచాను, ఒక్కసారి కూడా థాంక్స్ చెప్పలేదు. అది ఇప్పుడు బాధగా ఉంది.

ఆమె చావుకు బాపు, నేను బయల్దేరుతుంటే అమ్మ చీర మార్చుకుని వచ్చి "నేను గూడ అస్త" అంది. జగిత్యాలలో ఆమె ఉన్న గల్లీలో పేరున్న పెద్దమనుషులెవరూ లేరు. పెగడపల్లి నుంచి, ముస్తాబాద్ నుంచి, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన మామూలు మనుషులు గోడల నీడన నిలబడి ఉన్నారు. ఒకరికొకరు తెలియదు. ఒక ముసలాయన బాపు దగ్గరికి వచ్చి "మీ ఇంట్ల ఎవలు?" అని అడిగాడు. "కొడుకు" అన్నాడు బాపు. "మీకు?" "బిడ్డ" అన్నాడు ఆయన. ఇద్దరూ పాడెకు చెరో వైపు భుజం పట్టారు. అమ్మ అరుగు మీద కూర్చుని చూస్తూ ఉంది.

తిరుగు ప్రయాణంలో ఆర్డినరీ బస్సు దొరికింది. అమ్మ ఎప్పుడూ ముందుకు పోయి ఆడవాళ్ళ సీట్లలో కూర్చుంటుంది. ఆ రోజు ముందుకు పోలేదు. కిటికీ పక్కన కూర్చున్న బాపు పక్కన కూర్చుంది. నేను వాళ్ళ వెనక సీట్లో కూర్చున్నాను. ఊరు దాటింది, పసుపు చేలు మొదలయ్యాయి. అమ్మ ఎదురు సీటు వైపే చూస్తూ అడిగింది.

"ఆ పొద్దు వాడు ఏం తిని పండుకున్నడు?"

బాపు ముందు సీటు కడ్డీని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఒక స్టేజీ వచ్చి పోయింది.

"రెండు పావు రొట్టెలు. చాయ్ల ముంచుకోని."

"కడుపునిండ తిన్నడా?"

"ఇంకోటి గావాల్నన్నడు. దుకాణంల అయిపోయినయి. నా దాన్ల సగం ఇచ్చిన."

"ఏమన్న మాట్లాడిండా?"

"నీళ్ళు పట్టి పెట్టలేదని నన్ను కోపం చేసిండు."

"వానికి చిన్నప్పటి సంది గంతే" అంది అమ్మ. "లేవంగనే బిందెల చూస్తుండె."

కాసేపటికి మళ్ళీ అడిగింది, ఏ అంగి మీద ఉన్నాడని. ఫ్యాను తిరుగుతుండెనా, కరెంటు ఉండెనా అని. జుట్టు పెంచాడన్నారు, కత్తిరించుకున్నాడా లేదా అని. బాపు ఒక్కొక్కదానికీ ఆలోచించి, తెలిసింది చెబుతున్నాడు, తెలియనిది తెలియదంటున్నాడు. కోరుట్ల బస్టాండు వచ్చింది. ఊళ్ళో దిగాల్సినవాళ్ళందరూ దిగారు. వాళ్ళిద్దరూ లేవలేదు; ఊరు వచ్చిన సంగతే చూసుకోలేదు. కండక్టరు నా వైపు చూశాడు. అమ్మకు, నాకు ఆడవాళ్ళకిచ్చే ఉచిత సున్నా టికెట్లు, బాపుకు మామూలు టికెట్, తర్వాతి ఊరు మెట్‌పల్లి దాకా కొట్టమని మెల్లగా చెప్పాను. బస్సు కదిలింది. ముందు సీట్లో అమ్మ ఇంకా అడుగుతూనే ఉంది.